కానుకగా చిన్న బైనాక్యులర్: ఎవరి కళ్ళకు, ఏ చోటికి

చెప్పులు కొనిచ్చేవారు ముందు పాదం కొలత అడుగుతారు. కళ్ళజోడు చేయించేవారు కంటి డాక్టరు చీటీ లేకుండా దుకాణం మెట్లెక్కరు. బైనాక్యులర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ జాగ్రత్త కనిపించదు. పెట్టె మీద అచ్చువేసిన అంకెల్లో పెద్దదేదో చూసి, అదే మంచిదనుకుని కొనేస్తారు. పక్షుల కోసం ఏటా నేలపట్టు వెళ్ళే స్నేహితుడికో, సెలవు దొరికితే నల్లమల దారి పట్టే తమ్ముడికో, పదవీ విరమణ తర్వాత పొద్దున్నే కేబీఆర్ పార్కులో నడుస్తూ నెమళ్ళను చూసే తండ్రికో ఇవ్వదలచిన ఈ వస్తువు నిజానికి కెమెరా కంటే కళ్ళజోడుకే దగ్గరి చుట్టం. ఇచ్చేవారి దృష్టి అంకెల మీద ఉంటుంది. వాడేవారికి అనుభవమయ్యేవి వెలుతురు, మెడ మీది బరువు, కంటికీ అద్దానికీ మధ్య మిగిలే దూరం. కొన్న నెలలోపే బీరువా పై అరకు చేరిన బైనాక్యులర్లలో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది.

ముందు ఆ అంకెల సంగతి. 8×25 అని రాసి ఉంటే, దృశ్యాన్ని ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందని, ముందు వైపు అద్దం వ్యాసం 25 మి.మీ. అని అర్థం. 80 మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఎనిమిది రెట్ల పరికరంలో 10 మీటర్ల దూరంలో ఉన్నట్టు, పది రెట్ల పరికరంలో 8 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. దుకాణంలో అంత ఘనంగా వర్ణించే తేడా ఆ రెండు మీటర్లే. అందుకు చెల్లించేది మాత్రం తక్కువేమీ కాదు. దృశ్యంతో పాటు చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. ఒక్క చూపులో కనిపించే వెడల్పు తగ్గిపోతుంది. స్వరోవ్‌స్కీ సంస్థ సీఎల్ పాకెట్ శ్రేణిని చూస్తే, కిలోమీటరు దూరంలో 8×25 సుమారు 119 మీటర్ల వెడల్పును చూపుతుంది, అదే శ్రేణిలోని 10×25 దాదాపు 98 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. కొమ్మ నుంచి కొమ్మకు గెంతే చిన్న పిట్టను వెతికి పట్టుకోవాలన్నా, కోరింగ మడ అడవుల్లో ఊగే పడవ మీద నిలబడి లకుముకి పిట్టను చూడాలన్నా ఆ ఇరవై మీటర్ల తేడాయే అక్కరకు వస్తుంది. చేయి నిలకడగా ఉన్నవారు, బయలు ప్రదేశాల్లో దూరాన ఉన్నవాటిని చూసేవారు పది రెట్లను కోరి అడిగితే అది వేరే మాట. ఎవరూ అడగకుండా కొని ఇచ్చే కానుకకు ఎనిమిది రెట్లే క్షేమం.

రెండు అంకెల కంటే ముఖ్యమైన మూడో అంకె పెట్టె మీద సాధారణంగా ఉండదు, కానీ చిటికెలో లెక్క కట్టవచ్చు. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చేది ఎగ్జిట్ ప్యూపిల్, అంటే కంటి వైపు అద్దం నుంచి బయటికి వచ్చే వెలుగు కిరణాల కట్ట మందం. బైనాక్యులర్‌ను చేయి చాచినంత దూరంలో ఆకాశం వైపు పట్టుకుని కంటి వైపు నుంచి చూస్తే, అద్దం మధ్యలో చిన్న తెల్లని బిళ్ళలా కనిపించేది ఇదే. 8×25 లో ఇది 3.1 మి.మీ., 10×25 లో 2.5, 8×32 లో 4, 8×42 లో 5 మి.మీ.కు కొంచెం పైన. దీనికి ఎదురుగా ఉండేది చూసేవారి కంటిపాప. మిట్టమధ్యాహ్నం ఎండలో కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకట్లో యువకుల కళ్ళలో ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అరవై దాటినవారిలో సాధారణంగా ఐదు దగ్గరే ఆగిపోతుంది. పట్టపగలు 8×42 పంపే వెలుగులో చాలా భాగం కంటిపాప అంచుల మీద పడి వృథా అవుతుంది కాబట్టి, ఆ సమయంలో జేబులో పట్టే 8×25 దానికి వెలుతురులో ఏమీ తీసిపోదు. పొద్దు వాలేసరికి లెక్క తారుమారవుతుంది. 42 మి.మీ. అద్దం వైశాల్యం 25 మి.మీ. అద్దం కంటే 2.8 రెట్లు ఎక్కువ. చెట్ల నీడ ముసురుకునే వేళ అమ్రాబాద్ అడవిలో ఆకుల మధ్య కదిలేది ఏమిటో పెద్ద పరికరం చెప్పగలిగినప్పుడు చిన్నది బూడిద రంగు మసకనే చూపుతుంది.

ఎగ్జిట్ ప్యూపిల్ సన్నగా ఉంటే ఇంకో చిక్కుంది. దాన్ని వాడి చూసినవారికే అది తెలుస్తుంది. ఆ సన్నని వెలుగు కట్ట సరిగ్గా కంటిపాప మీద పడాలి. తల కాస్త పక్కకు జరిగినా దృశ్యం అంచుల నుంచి నల్లబడి మాయమవుతుంది. పక్షులను చూడటం కొత్తగా మొదలుపెట్టినవారు, పిల్లలు, చేతులు స్థిరంగా లేని పెద్దవారు చిన్న బైనాక్యులర్‌తో విసిగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. వారు దాన్ని తమ చేతగానితనంగా భావించుకుని ఊరుకుంటారు. కాబట్టి కానుక అందుకునే వ్యక్తి దగ్గర ఇప్పటికే 8×42 వంటి పెద్ద పరికరం ఉందా లేదా అన్న ప్రశ్న ధర కంటే ముందు రావాలి. ఉంటే, 8×25 ఆ ఇంట్లోకి చక్కగా ఇమిడిపోతుంది. కొండ ఎక్కేటప్పుడు, ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళేటప్పుడు, పెద్దదాన్ని మోయబుద్ధి కాని ప్రతి సందర్భంలో అది జేబులో ఉంటుంది. లేకపోతే, అదే వారి మొదటి బైనాక్యులర్ అయితే, 8×30 లేదా 8×32 వైపు మొగ్గడమే వివేకం. 25 మి.మీ. పరికరాలు సాధారణంగా 250 నుంచి 350 గ్రాముల మధ్య, 32 మి.మీ. పరికరాలు 450 నుంచి 600 గ్రాముల మధ్య తూగుతాయి. ఒక చిన్న నీళ్ళ సీసా బరువు అదనంగా మోస్తే, అద్దం వైశాల్యం అరవై శాతానికి పైగా పెరుగుతుంది, కన్ను ఆనించడం తేలికవుతుంది. చిన్నదనే ఒక్క సుగుణాన్ని చూసి మొదటి కానుకగా పాకెట్ బైనాక్యులర్ కొనడం, ఇల్లు చిన్నదని పొయ్యి లేకుండా వంటగది కట్టించినట్టే.

ఎక్కడ వాడతారన్నది కూడా లెక్కలోకి రావాలి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గట్టు మీద నిలబడ్డవారికి అందేంత దగ్గరగానే గూళ్ళు పెడతాయి. అక్కడ ఆరు రెట్లు కూడా ఎక్కువే. పులికాట్ సరస్సు కథ వేరు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు ఒక్కోసారి రోడ్డుకు దగ్గరగా, చాలాసార్లు నీటి మధ్యలో గులాబీ గీతలా మాత్రమే కనిపిస్తాయి. అలాంటి చోట పది రెట్లో పన్నెండు రెట్లో ఉంటే బాగుండునని అనిపించడం సహజమే. అయితే పొద్దెక్కాక నీటి మీద వేడి గాలి తెరలు తెరలుగా కదులుతున్నప్పుడు ఎంత పెద్ద అంకె ఉన్న బైనాక్యులర్ అయినా ఆ అలలనే పెద్దవి చేసి చూపుతుంది. తెల్లవారుజామున వెళ్ళడానికి బద్ధకించేవారికి బైనాక్యులర్ కంటే అలారం గడియారం మంచి కానుక.

కళ్ళ సంగతికి వస్తే, కానుక ఇచ్చేవారు తెలుసుకోవలసింది మూడు నాలుగు విషయాలే, కానీ అవి అడగకుండా తెలియవు. హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి ఉన్నవారు కళ్ళజోడు తీసేసి ఫోకస్ చక్రం తిప్పుకుని చూడవచ్చు. రెండు కళ్ళ మధ్య తేడా ఉంటే చాలా పరికరాల్లో కుడి కంటి దగ్గర ఉండే డయాప్టర్ వలయం దాన్ని సరిచేస్తుంది. ఆస్టిగ్మాటిజం, అంటే చీటీలో సిలిండర్ అని రాసే లోపం గట్టిగా ఉన్నవారికి మాత్రం ఏ చక్రమూ సాయపడదు. వారు కళ్ళజోడుతోనే చూడాలి. అలా చూడాలంటే కంటి వైపు అద్దానికీ కంటికీ మధ్య ఎక్కువ దూరం ఉన్నా పూర్తి దృశ్యం కనిపించాలి. ఐ రిలీఫ్ అనే ఈ దూరం కళ్ళజోడు పెట్టుకునేవారికి 15 మి.మీ.కు తక్కువ ఉండకూడదు. చవక చిన్న బైనాక్యులర్లలో ఇది పది, పన్నెండు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, కళ్ళజోడు ఉన్నవారికి దృశ్యం తాళపు రంధ్రంలో నుంచి చూసినట్టు కుంచించుకుపోతుంది. కంటి చుట్టూ ఉండే రబ్బరు కప్పులు మెలితిప్పి కిందికి దించేవిగా ఉంటే ఇంట్లో కళ్ళజోడు ఉన్నవారు, లేనివారు ఒకే పరికరాన్ని పంచుకోవచ్చు. ఒక్కరే వాడే బైనాక్యులర్ తెలుగు ఇళ్ళలో అరుదు. పెట్టె విప్పిన పది నిమిషాల్లో అది అందరి చేతులూ మారుతుంది.

రెండు కంటిపాపల మధ్య దూరం పెద్దవారిలో సగటున 63 మి.మీ. ఉంటుంది, కానీ మనిషికీ మనిషికీ పది మిల్లీమీటర్లకు పైగా తేడా రావచ్చు. రెండు కీళ్ళతో లోపలికి ముడుచుకునే చిన్న బైనాక్యులర్లు సన్నని ముఖాలకు కూడా సర్దుకుంటాయి, జేబులో కూడా బాగా ఇముడుతాయి. కాకపోతే వాడిన ప్రతిసారీ రెండు వైపులా సర్దుకోవాలి. ఒకే కీలు ఉన్నవి తీయగానే సిద్ధంగా ఉంటాయి. పిల్లలకు కొంటే రెండు కంటి అద్దాలు ఎంత దగ్గరికి ముడుచుకుంటాయో తప్పక చూడాలి. ఫోకస్ చక్రమే లేకుండా, సర్దుకునే పనే లేదని ప్రచారం చేసే రకాన్ని నలభై దాటినవారికి కొనడం పొరపాటు. ఆ పరికరం దగ్గరి వస్తువులను చూపే భారాన్ని కంటి కటకం సాగే గుణం మీద వదిలేస్తుంది. వయసుతో ముందుగా తగ్గేది ఆ గుణమే. చదివేటప్పుడు కళ్ళజోడు వెతుక్కునే తండ్రికి అలాంటిది ఇస్తే, దూరపు కొండ కనిపిస్తుంది గానీ పెరట్లో జామచెట్టు మీది పిట్ట మసకగానే ఉండిపోతుంది. చేతులు వణికే పెద్దవారి కోసం కెనాన్ 8×20, 10×20 ఐఎస్ వంటి, దృశ్యాన్ని కదలకుండా నిలిపే చిన్న పరికరాలున్నాయి. అవి బ్యాటరీతో పనిచేస్తాయి, వెలుతురు తక్కువైతే వెనకబడతాయి, ధర కూడా ఎక్కువే. అయినా వణుకుతో విసిగి చూడటమే మానేసినవారికి అవి మళ్ళీ దారి చూపుతాయి.

ధర తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే గొట్టం లోపలికి చూడాలి. ముందు అద్దం బొమ్మను తలకిందులు చేస్తుంది. దాన్ని నిటారుగా నిలబెట్టే పని గాజు పట్టకాలది. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854 లో పేటెంటు పొందిన పట్టకాల అమరిక పేరే ఇప్పటికీ వాడుకలో ఉంది; 1894 లో జైస్ సంస్థ ఆ పద్ధతిలో బైనాక్యులర్లను మార్కెట్లోకి తెచ్చింది. మెట్టులా వంపు తిరిగిన పాతకాలపు రూపం పోరోది. నిలువు గొట్టాల్లా సన్నగా ఉండేవి రూఫ్ పట్టకాలవి. రూఫ్ పద్ధతి పరికరాన్ని సన్నగా చేస్తుంది గానీ, కిరణాలు రెండుగా చీలి మళ్ళీ కలిసే తీరు వల్ల బొమ్మ పదును తగ్గుతుంది. దీన్ని సరిచేసే ఫేజ్ పూతను జైస్ 1988 లో ప్రవేశపెట్టింది. చవక రూఫ్ బైనాక్యులర్లలో ఈ పూత ఉండదు, పట్టకం వెనుక వెండికో, లోహం కాని పలు పొరలతో వేసే డైఎలక్ట్రిక్ పూతకో బదులు అల్యూమినియం పూత ఉంటుంది. దాంతో వెలుగు, పదును రెండూ పోతాయి. ఈ కారణంగానే తక్కువ బడ్జెట్‌లో తిరగేసిన పోరో, అంటే ముందు అద్దాలు కంటి అద్దాల కంటే దగ్గరగా ఉండే పొట్టి రకం, అదే ధర రూఫ్ రకం కంటే తరచుగా మెరుగైన బొమ్మ ఇస్తుంది. చూడటానికి అంత సొగసుగా ఉండదు, అంతే.

పూతల విషయంలో తయారీదారుల మాటల గారడీని ఒక్క లెక్కతో తేల్చవచ్చు. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటి నాలుగు శాతం వెలుగును వెనక్కి తిప్పేస్తుంది. పది ఉపరితలాలు దాటేసరికి మూడో వంతు వెలుగు పోతుంది; పోయిందంతా బయటికి పోకుండా కొంత లోపలే తిరిగి దృశ్యం మీద తెల్లని మసక కప్పుతుంది. జైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935 లో కనుగొన్న ప్రతిబింబ నిరోధక పూత ఈ నష్టాన్ని తగ్గించింది. నేటి బహుళ పొరల పూతలతో ఒక్కో ఉపరితలం దగ్గర నష్టం అర శాతానికి దిగుతుంది, అప్పుడు అదే పది ఉపరితలాల తర్వాత 95 శాతం వెలుగు మిగులుతుంది. పెట్టె మీద ‘కోటెడ్’ అని మాత్రమే ఉంటే ఏదో ఒక అద్దానికి ఒక పొర వేశారని, ‘ఫుల్లీ మల్టీ కోటెడ్’ అని ఉంటే గాలి తగిలే ప్రతి గాజు ఉపరితలానికీ పలు పొరలు వేశారని అర్థం. వెతకవలసింది ఈ రెండో మాటనే. ఈడీ గాజు, అంటే వెలుగులోని రంగులను తక్కువగా విడదీసే గాజు ఉంటే, ఎండలో తెల్ల కొంగ రెక్క అంచున ఊదా రంగు గీత తగ్గుతుంది. మంచిదే, కానీ పూతలు సరిగా లేని పరికరానికి ఈడీ గాజు అలంకారమే.

ఆన్‌లైన్ అంగళ్ళలో వెయ్యి రూపాయల లోపు దొరికే 30×60 బైనాక్యులర్ల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కానుకల పెట్టెల్లో ఇవి తరచుగా కనిపిస్తాయి. అరవై అంటే ముందు అద్దం ఆరు సెంటీమీటర్లు. అలాంటివి రెండు పక్కపక్కన పెడితేనే పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు దాటాలి; అరచేతిలో ఇమిడే వస్తువులో అవి ఎలా పడతాయి? స్కేలు పెట్టి ముందు అద్దం కొలిచి, ఆ కొలతను ఎగ్జిట్ ప్యూపిల్ వ్యాసంతో భాగిస్తే అసలు ఎన్ని రెట్లో బయటపడుతుంది. ముప్పై రెట్లు నిజమే అనుకున్నా, 25 మి.మీ. అద్దంతో ఎగ్జిట్ ప్యూపిల్ ఒక మిల్లీమీటరు కూడా రాదు; ఆ చీకటిలో ఆ వణుకులో కనిపించేది ఏమీ ఉండదు. ముందు అద్దాలు కెంపు రంగులో మెరిసే రకాలు ఎర్రని వెలుగును బయటికే తిప్పి పంపుతాయి కాబట్టి లోపల దృశ్యం ఆకుపచ్చగా, నీలంగా పాలిపోతుంది. చిన్న బైనాక్యులర్‌లో జూమ్ ఉందంటే చూపు వెడల్పు ఇరుకని, రెండు గొట్టాలు ఒకే తీరులో కదలడం కష్టమని అర్థం చేసుకోవాలి. రాత్రి కూడా కనిపిస్తుందనే ప్రచారమున్న మామూలు బైనాక్యులర్‌లో వెలుగును పెంచే యంత్రం ఏదీ ఉండదు.

కోస్తా తేమ, వానకాలం ఈ వస్తువుకు పెద్ద శత్రువులు. లోపల నైట్రోజనో ఆర్గానో నింపి, రబ్బరు వలయాలతో మూసిన పరికరం లోపలి అద్దాల మీద ఆవిరి పట్టదు, దుమ్ము చేరదు. నీరు చిమ్మినా తట్టుకుంటుందనడం, నీటిలో పడ్డా తట్టుకుంటుందనడం ఒకటి కావు. ట్రెక్కింగ్ చేసేవారికి రెండోదే కావాలి. ఏసీ కారులో నుంచి దిగగానే బయటి అద్దాల మీద పట్టే ఆవిరిని మాత్రం నైట్రోజన్ ఆపలేదు. అది ఆరేదాకా ఆగడమే, చొక్కా కొంగుతో రుద్దడం కాదు. కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల బైనాక్యులర్‌ను నెలల తరబడి మూసిన సంచిలో ఉంచితే అద్దాల మీద బూజు పాకుతుంది. ఒకసారి అది పూతను తిన్నదంటే తుడిస్తే పోదు.

సీతాకోకచిలుకలు, తూనీగలు, పూలు ఇష్టపడేవారికి పైన చెప్పిన లెక్కల్లో చాలావాటిని పక్కన పెట్టవచ్చు. వారికి కావలసింది దగ్గరి ఫోకస్. రెండు మీటర్ల లోపు ఫోకస్ అయ్యేవి మంచివి. పెంటాక్స్ పాపిలియో 6.5×21 అయితే అర మీటరు దాకా దగ్గరికి వస్తుంది. ఆరున్నర రెట్లు అనగానే తక్కువేమో అనిపిస్తుంది గానీ, అనంతగిరి కొండల్లో దారి పక్క పొదమీద వాలిన సీతాకోకచిలుక రెక్క పొలుసుల దాకా చూడటానికి దానికి మించిన చిన్న పరికరం దొరకడం కష్టం. అది నీటికి తట్టుకోదు కాబట్టి వానకాలపు నడకలకు ప్లాస్టిక్ సంచి వెంట ఉండాలి.

అమెరికా నుంచి వచ్చే పిల్లలు సూటుకేసులో తెచ్చే బైనాక్యులర్లకు ఒక మాట: అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో సంస్థను బట్టి మారుతుంది కాబట్టి కొనే ముందే తేల్చుకోవాలి. ఎక్కడ కొన్నా, తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపు పెట్టె విప్పి చూడటం కానుకకు అవమానం కాదు. దూరాన ఉన్న సెల్ టవర్ మీద ఫోకస్ చేసి పది నిమిషాలు చూస్తే కళ్ళు లాగుతున్నట్టు, తల బరువెక్కినట్టు అనిపిస్తే రెండు గొట్టాలు ఒకే దిక్కుకు చూడటం లేదని అర్థం. అది ఇంట్లో బాగుచేసే లోపం కాదు, మార్పించుకోవాలి. ఫోకస్ చక్రం బిగుసుకోకుండా, జారకుండా తిరగాలి. డయాప్టర్ వలయం వేలు తగిలితే కదిలిపోకూడదు. అన్నీ సరిగ్గా ఉన్నాక మళ్ళీ సర్దేటప్పుడు సంచిలో సిలికా జెల్ పొట్లం ఒకటి, మెత్తని తుడుపు గుడ్డ ఒకటి, మెడకు కోసుకోని వెడల్పాటి పట్టీ ఒకటి చేర్చాలి. ఇంట్లో పిల్లలుంటే, దీనితో సూర్యుడి వైపు ఎప్పుడూ చూడకూడదని తెలుగులో రాసిన చీటీని పైన కనిపించేలా పెట్టాలి; బిల్లును, వారంటీ కార్డును వేరే కవరులో కింద ఉంచాలి.